నడవలో పడకలు

నూకరాజు జవాబు చెప్పడానికి ఆలస్యమైంది.

అది రోజూ ఆడే ఆటే. కాకినాడ జగన్నాథపురం వంతెన దిగాక రెండో సందులో అతని మోటారు వైండింగ్ కొట్టు ఉంది. కొట్టు వెనకే ఇల్లు. బడి నుంచి రాగానే రేణుక కొట్టులో స్టూలెక్కి కూర్చుని ప్రశ్నలు మొదలుపెడుతుంది. మొన్న నేనేం గౌను వేసుకున్నాను, ఆదివారం మనింటికి ఎవరొచ్చారు. నూకరాజు చేతిలో పని ఆపకుండా చెబుతాడు. ఎప్పుడూ తప్పడు. ఐదేళ్ళ పిల్లకి అదొక వింత.

"నిన్న నాకేం కొన్నావు?" అంది ఆ సాయంత్రం.

నూకరాజు చెయ్యి ఆగింది. రాగి తీగ కాయిల్ మీద సగం చుట్టు దగ్గర నిలిచిపోయింది. అతను తీగ వంక చూశాడు. పిల్ల వంక చూశాడు.

"జీళ్ళు," అన్నాడు. "నువ్వు సగం తిని, సగం మీ అమ్మకి దాచేవు."

రేణుక తల్లి సుభద్ర ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే ఉండిపోయింది. ఇంకొకరైతే గమనించేవాళ్ళు కాదు. మనిషి తల గోక్కునేంత సేపు, అంతే. కానీ ఆ కాస్త సేపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. ఆమె ఉద్యోగమే అది.

"ఏంటే, అలా సూత్తన్నావు? మోటారు కాలిన వాసనొత్తందా?" అన్నాడు నూకరాజు.

"జీళ్ళ సంగతి వెంటనే తట్టలేదా మీకు?"

"తట్టింది గదా. నలభై దాటేయి. మీ గిడ్డంగి కూడా నాలాగే ముసలైపోతన్నట్టుంది."

రేణుక నవ్వింది. సుభద్ర లోపలికి వెళ్ళి చెప్పులు విప్పింది.

నూకరాజుకి మరుపుజ్వరం వచ్చి ఏడేళ్ళయింది. ఆ జ్వరం రెండు వానాకాలాలు గోదావరి జిల్లాల్లో తిరిగింది. బతికిన వాళ్ళకి జ్వరానికి ముందున్నదంతా గుర్తుంటుంది. తర్వాత జరిగేది పది నిమిషాలకి మించి నిలవదు. వాళ్ళ కోసమే గవ్వ తయారైంది. చెవి వెనక ఎముకకి అతికిస్తారు. చూడడానికి గవ్వలా ఉంటుందని రోగులే ఆ పేరు పెట్టారు. మనిషి చూసేదీ వినేదీ గవ్వ పట్టుకుని, రేవు దగ్గర పాత బియ్యం గిడ్డంగిలో ఏర్పాటు చేసిన కేంద్రానికి పంపుతుంది. మనిషి దేనికోసమైనా తడుముకున్నప్పుడు, ఆ తడుములాటని కూడా గవ్వే పట్టుకుని గిడ్డంగిని అడుగుతుంది. జవాబు తలలోకి వస్తుంది. తన జ్ఞాపకం వచ్చినట్టే వస్తుంది. కేంద్రానికి పెద్ద పేరే ఉంది గానీ ఊళ్ళో అందరూ గిడ్డంగి అనే అంటారు.

గిడ్డంగిలో ఎవరికి ఎంత చోటు, ఎక్కడ, ఎన్నాళ్ళకి అని లెక్క కట్టేది సుభద్ర.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి జోసెఫ్ తెర ముందు కూర్చుని ఉన్నాడు. యంత్రాలు నడిపే బాధ్యత అతనిది. ఆమె అడక్కుండానే కుర్చీ పక్కకి జరిపాడు.

"మీరు ఇంట్లోనే చూసేశారన్నమాట," అన్నాడు.

"చూశాను. అందరికీ ఇంతేనా?"

"అందరికీనండి. నిన్న తునిలో ఒకావిడ బస్సులో ఉన్నట్టుండి ఏడ్చిందంట. ఎందుకో ఆవిడకే తెలీదు. ఎప్పుడో తడుముకుంది, అది మర్చిపోయాక జవాబొచ్చింది. వాళ్ళమ్మ పోయిన రోజు."

సుభద్ర కూర్చుంది.

గిడ్డంగి కింది అంతస్తులో టేపులు ఉంటాయి. నాలుగు వేల మంది బతుకు రోజుకి రోజు టేపుల మీదికి ఎక్కుతుంది. టేపుకి కొదవ లేదు. కానీ జీళ్ళు కొన్న సంగతి కోసం ఏడేళ్ళ టేపు వెతకడం కుదరదు. ఏది ఎక్కడుందో చెప్పే సూచిక కావాలి. సూచిక పై అంతస్తులో, పలకల మీద ఉంటుంది. మనిషి ఆలోచించినంత వేగంగా జవాబిచ్చేవి ఆ పలకలు మాత్రమే. అవి చేసే కర్మాగారం ప్రపంచంలో ఒక్కటే ఉండేది. అది మూతపడి ఏడేళ్ళు దాటింది.

ప్రతి రోజుకీ ఒక సూచిక ముక్క తయారవుతుంది. ముక్కలు పెరిగితే ప్రతి ముక్కనీ అడిగి రావాలి, జవాబు ఆలస్యమవుతుంది. అందుకని ఎప్పటికప్పుడు ముక్కల్ని కలిపి ఒక్కటి చేస్తారు. కొత్తది పూర్తయ్యేదాకా పాతది చెరపడానికి వీల్లేదు. కాబట్టి అందరిలోకీ లావైన సూచిక ఎవరిదో, దానికి సరిపడే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. సుభద్ర మొదటి ప్రణాళికలో ఎనిమిది పలకలు అలా వదిలింది. గిడ్డంగిలో పనిచేసేవాళ్ళు దాన్ని నడవ అనేవాళ్ళు.

రెండో వానాకాలం జ్వరం వచ్చినప్పుడు గిడ్డంగి గేటు దగ్గర రేకుల షెడ్డు కింద జనం కూర్చున్నారు. అమలాపురం నుంచి, పిఠాపురం నుంచి, ఏజెన్సీ నుంచి. కొందరు రోగుల్ని మంచంతో సహా తెచ్చారు. డైరెక్టరు కామేశం కిటికీలోంచి చూసి సుభద్రని పిలిచాడు.

"ఎనిమిది పలకలు ఊరికే పడున్నాయి. వాళ్ళకేం చెప్పమంటారు? చోటుంది గానీ అది ఖాళీగా ఉంచాలమ్మా, ఇళ్ళకి పొండి అని చెప్పమంటారా?"

ఆసుపత్రిలో వార్డు నిండితే నడవలో పడకలు వేస్తారు. రైల్లో నలుగురి బల్ల మీద ఆరుగురు కూర్చుంటారు. ఎవరూ దాన్ని తప్పనరు, సర్దుకోవడం అంటారు. సుభద్ర ఆ రోజు లెక్క చూసింది. అప్పటికి లావైన సూచిక ఒక పలకలో సగం కూడా లేదు. ఆరు ఇచ్చి రెండు ఉంచినా సరిపోతుందని తేలింది. అలా నాలుగు వందల పన్నెండు మంది గవ్వలు పెట్టించుకున్నారు. వాళ్ళలో నూకరాజు ఒకడు. ఏడాది తర్వాత సుభద్ర అతన్ని పెళ్ళి చేసుకుంది.

లెక్కలో ఆమె ఒకటి కలపలేదు. మనిషి బతికే గంటలు లెక్కపెట్టింది. గుర్తు చేసుకునే గంటలు లెక్కపెట్టలేదు. గుర్తు చేసుకోవడం కూడా జరిగే విషయమే. గవ్వ దాన్ని కూడా పట్టుకుంటుంది, దానికీ సూచిక పడుతుంది. పిల్ల మొదటి అడుగు వందసార్లు తలుచుకున్నవాడికి సూచికలో నూటొక్క అడుగులుంటాయి. దుఃఖంలో ఉన్నవాళ్ళవీ, సంతోషంగా ఉన్నవాళ్ళవీ వేగంగా పెరిగాయి. దేనికీ పట్టనట్టు ఉండేవాళ్ళ సూచికలు మాత్రం ఆమె లెక్క ప్రకారమే నడిచాయి.

"పెద్దవి కలపడం ఎప్పుడాగింది?" అంది.

"పోయిన నెలాఖరునండి. రెండు పలకల్లో పట్టట్లేదు."

"లావైనది ఎవరిది?"

జోసెఫ్ మెడ రుద్దుకున్నాడు. "మేడమ్, వాటిలో కొంచెం అటూఇటూగా ఓ ముప్ఫై ఉన్నాయండి."

"అన్నింటికన్నా లావైనది, జోసెఫ్."

"నూకరాజు గారిదండి."

కామేశం తన గదిలో అరగంట విన్నాడు. ఆయన వైద్యుడు. పలకల సంగతి పట్టదు గానీ మనుషుల సంగతి పడుతుంది. మధ్యలో ఒకసారి నీళ్ళు తాగాడు.

"ఇలాగే వదిలేస్తే?"

"వానలు మొదలయ్యేసరికి నాలుగు వేల మందికీ జవాబు రావడం ఆగిపోతుందండి. వచ్చినా పనికిరాదు."

"నడవ ఖాళీ చేస్తే?"

"మిగతావాళ్ళకి నిలుస్తుంది."

"ఖాళీ చెయ్యడమంటే నాలుగు వందల పన్నెండు మందినీ..."

"వాళ్ళ సూచికలు తీసెయ్యడమండి. టేపులు ఉంటాయి. టేపు చెరపకూడదని చట్టం ఉంది. సూచిక గురించి చట్టంలో ఏమీ లేదు."

"అంటే వాళ్ళ జ్ఞాపకాలు పోవు."

"పోవండి. దొరకవు, అంతే."

"టేపులు మళ్ళీ చదివి సూచిక కట్టొచ్చు గదా, ఎప్పటికైనా?"

"కట్టి ఎక్కడ పెడతామండి?"

కామేశం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సుభద్ర గారూ, నాలుగు వందల పదకొండు చేద్దాం. ఒక్క పేరు. ఎవరూ అడగరు. అడిగితే నేను చెప్పుకుంటాను."

ఆమె ఆ లెక్క గదిలోకి రాకముందే చేసింది. ఒక పద్ధతిలో కాదు, మూడు పద్ధతుల్లో.

"ఆ ఒక్క పేరే అన్నింటికన్నా లావైనదండి," అంది. "దాన్ని ఉంచితే, అది కలపడానికి అంత చోటు మళ్ళీ ఖాళీ ఉంచాలి. నడవలో సగం ఆయనకే పోతుంది. అప్పుడు మిగతా పెద్దవి ఆగిపోతాయి. ఆయన కోసం ఇంకో మూడు వందల మందిని తియ్యాలి."

"సన్నగా చెయ్యలేమా? ముఖ్యమైనవి ఉంచి?"

"ఏవి ముఖ్యమో ఎవరు చెబుతారండి?"

చివరికి ఒక్క వీలు తేలింది. గవ్వలోనే కాస్త చోటుంది. గిడ్డంగితో సంబంధం లేకుండా అందులో ఒక గంట సేపటి జ్ఞాపకం ఇముడుతుంది. ఒకసారి రాస్తే మారదు. తీసెయ్యబోయే ప్రతి మనిషికీ ఒక గంట ఇద్దామని కామేశం అన్నాడు. ఏ గంటో ఇంట్లోవాళ్ళు చెప్పాలి.

వాళ్ళని విడతలుగా పిలిచారు. మొదటి విడత వాళ్ళు పిల్లలు పుట్టిన గంటలు అడిగారు, పెళ్ళిళ్ళు అడిగారు, తిరుపతి వెళ్ళిన గంట అడిగారు. ఒక తల్లి తన కొడుకు పదో తరగతి పాసైన గంట అడిగింది. సుభద్ర ఎదురు చెప్పలేదు.

పది రోజులకి సామర్లకోట నుంచి ఒకావిడ తిరిగొచ్చింది. భర్త చీరల కొట్టులో గుమాస్తాగా చేసేవాడు. ఆవిడ వాళ్ళబ్బాయి పెళ్ళి గంట రాయించుకుంది.

"పొద్దున్నే లేచి పట్టుపంచె కట్టేసుకుంటన్నారండి," అంది. "గేటు కాడ నిలబడి దారిన పోయేవాళ్ళనందర్నీ లోపలికి రండి, భోంచేసి ఎల్లండి అంటన్నారు. మొదటి రోజు నవ్వేమండి, అబద్ధం ఎందుకు. ఇప్పుడు చుట్టుపక్కలోళ్ళు మా వీధిలోంచి నడవడం మానేశారు. సాయంత్రమయ్యేసరికి, ఒక్కరూ రాలేదేంటే, మనమంటే అంత లోకువా అని ఏడుత్తన్నారు. ఆ గంట తీసేసి ఇంకోటి పెట్టండి."

"రాసిన గంట మారదండి."

"అలాగైతే ఉత్తినే తీసేయండి. ఏమీ లేకపోయినా పర్లేదు."

"అదీ కుదరదండి. గవ్వ ఎముకలో కలిసిపోయి ఉంటుంది."

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. "మీకు తెలిసుంటే ముందే చెప్పుండేవోరు," అంది. నిందగా అనలేదు. లేచి బస్సుకి వెళ్ళిపోయింది.

నూకరాజు తన గంట అప్పటికే చెప్పాడు. రేణుక పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో నర్సు పిల్లని తెచ్చి చేతుల్లో పెట్టిన గంట. సుభద్ర దాన్నే రాసుకుంది. సామర్లకోట ఆవిడ వెళ్ళాక ఆ గంట టేపు తెప్పించి చూసింది. అందులో వరండా ఉంది, నర్సు ఉంది, గుడ్డలో చుట్టిన పసిబిడ్డ ఉంది. సుభద్ర లేదు. ఆ గంటంతా ఆమె తలుపు అవతల ఉంది.

ఆదివారం మధ్యాహ్నం రేణుక పక్కింట్లో ఆడుకుంటోంది. నూకరాజు కొట్టులో రొయ్యల చెరువు మోటారు విప్పి పెట్టుకున్నాడు. సుభద్ర స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ గంట వద్దండి," అంది.

"ఏ గంట?"

"పాపది."

"అదేంటే. నన్నడిగి రాసుకున్నావు గదా."

"ఆ గంట ఒక్కటే ఉంటే మీకేం తెలుస్తుందో చూడండి. ఒక బిడ్డ పుట్టింది. తల్లి లోపలుంది. జ్వరానికి ముందు సంగతులు మీకెటూ ఉంటాయి. ఆ తల్లి ఎవరనుకుంటారు?"

నూకరాజు తీగ చుట్టడం ఆపలేదు. నాలుగైదు చుట్లు వేశాడు.

"తాయారనుకుంటాను," అన్నాడు.

తాయారు అతని మొదటి భార్య. ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం వచ్చింది. ఆమె బతకలేదు. గవ్వ పెట్టకముందు నూకరాజు రోజంతా తాయారేదని అడిగేవాడు. తమ్ముడు చెప్పేవాడు. ప్రతిసారీ అతను మొదటిసారి విన్నట్టే కూలబడేవాడు. ఆఖరికి తమ్ముడు చెప్పడం మానేసి, పుట్టింటికి వెళ్ళిందని అనడం మొదలుపెట్టాడు.

"తాయారు కోసమూ, పసిబిడ్డ కోసమూ ఇల్లంతా వెతుకుతారు," అంది సుభద్ర. "రేణుక ఎదురుగా నిలబడి ఉంటుంది. దాన్ని పక్కకి జరగమని వెతుకుతారు."

"నువ్వు సెప్పొచ్చు గదా."

"ఎన్నిసార్లు?"

అతను తీగ బిగించి లాగాడు.

"గవ్వ పెట్టిన రోజు గంట రాద్దామండి. తాయారు పోయిందని మీకు చెప్పిన గంట. ఆ ఒక్కటి తెలిస్తే వెతకరు."

"ఆ రోజు సెప్పింది నువ్వే గదా."

"నేనే. జనం ఎక్కువైపోయి ఎవరి పని వాళ్ళు చేసే వీల్లేకపోయింది. మీ తమ్ముడు తన వల్ల కాదన్నాడు."

"అంటే ఆ గంటలో నువ్వున్నావు."

"ఉన్నాను. బల్లకి అవతల కుర్చీలో. మాస్కు పెట్టుకున్నాను. మధ్యలో తీశాను."

"ఎందుకు తీసేవు?"

"మాట సరిగా వినబడట్లేదు, మళ్ళీ చెప్పండి అన్నారు మీరు."

నూకరాజు తీగ వదిలేశాడు. అది కాయిల్ మీద నుంచి వెనక్కి విచ్చుకుంది. ఎన్ని చుట్లయ్యాయో పోయింది. అతను తీగ మొదలు వెతికి పట్టుకుని మళ్ళీ ఒకటి నుంచి వేశాడు.

"అయితే నువ్వు నాకు ఆఫీసులో కనబడిన ఆవిడవి. అంతేనా?"

"అంతే."

"పాప?"

"లేదు."

"బాగుందే నీ ప్లానింగు," అన్నాడు. తీగ సవరిస్తూ, "ఆఫీసరమ్మవి గాబట్టి గౌరవంగానే సూత్తాన్లే. భయపడకు," అన్నాడు. నవ్వబోయాడు. "రేణుకకి నువ్వు సెప్పు. నా వల్ల కాదు."

ఆ రాత్రి అన్నాలు తిన్నాక సుభద్ర రేణుకతో, నాన్నకి ఒంట్లో బాగుండదనీ, నువ్వెవరని అడిగితే పేరు చెప్పమనీ చెప్పింది.

"నా పేరు నాన్నకి తెలుసు గదా," అంది రేణుక.

ఆఖరి విడత బుధవారం తీశారు. జోసెఫ్ ఆమెని బయటికి వెళ్ళి టీ తాగి రమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు. పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి, జోసెఫ్ ఒక్కొక్కటే దించాడు. నూకరాజు పేరు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తి ఆమె వంక చూశాడు. ఆమె తల ఊపింది. తెర మీద ఆ పేరు పక్కన ఉన్న గీత పొట్టిదై, లేకుండా పోయింది. టేపు విభాగంలో అతని పేరు అలాగే ఉంది. అతను ఆ నిమిషంలో చూస్తున్నదీ వింటున్నదీ కింది అంతస్తులో టేపు మీదికి ఎక్కుతూనే ఉంది.

మధ్యాహ్నానికి నడవ ఖాళీ అయింది. ముక్కలు కలవడం మొదలైంది. సాయంత్రానికి జవాబులు పాత వేగానికి వచ్చాయి. తుని ఆవిడ ఫోన్ చేసి, తల తేలికైందని చెప్పింది. జోసెఫ్ ఆ మాట సుభద్రకి చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాడు.

ఆమె కొత్త ప్రణాళిక రాసింది. ఇప్పటి వేగంతో పెరిగితే నడవ మళ్ళీ ఎప్పుడు చాలకుండా పోతుందో రాసింది. అప్పుడు ఇంకో ఐదు వందల మందిని తియ్యాలి. ఆ తర్వాత ఇంకా ఎక్కువ. గిడ్డంగిలో ఒక్క మనిషి మిగిలేదాకా ఆ లెక్క నడుస్తుంది. ఆమె మూడో విడత దగ్గర ఆపేసింది. నడవ ఖాళీగా ఉండాలని మొదటి పేజీలో రాసింది.

మరో వారానికి కామేశం ఆమెని పిలిచాడు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కింద రేకుల షెడ్డులో ఒక కుటుంబం కూర్చుని ఉంది. ఆ సంవత్సరం జ్వరం యానాం వైపు మూడు ఇళ్ళలో కనబడింది.

"ఖాళీగా ఉండాలండి," అంది ఆయన నోరు తెరవకముందే.

"ఎన్నాళ్ళు?"

"ఎప్పుడూనండి."

"నేనేం అడగలేదు. కిందకి వెళ్ళి ఒకసారి మాట్లాడి రండి. అంతే."

ఆమె వెళ్ళింది. షెడ్డు కింద ఒకతను బల్ల మీద కూర్చుని ఉన్నాడు. భార్య ఎదురుగా నేల మీద కూర్చుని అతని రెండు చేతులూ పట్టుకుని ఉంది. అబ్బాయేడే అని అతను అడిగాడు. పోయాడండి, జ్వరంలో పోయాడు అని ఆమె చెప్పింది. అతను ఏడ్చాడు. ఏడుపు తగ్గి, కాసేపు రోడ్డు మీద లారీలు చూశాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఇచ్చిన టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, అబ్బాయేడే అన్నాడు. ఆమె సుభద్ర వంక చూసి, మళ్ళీ అతని వంక తిరిగి, మొదటి నుంచి చెప్పింది.

నడవలో ఒక పలక ఇచ్చారు. ఇచ్చిన కాగితం మీద కామేశం సంతకం కింద సుభద్ర సంతకం ఉంది.

ఇంట్లో నూకరాజుకి ఇబ్బంది లేదు. ఆ ఇల్లు జ్వరానికి ముందు నుంచీ అతనిదే. నూతి గట్టు తెలుసు, మీటరు పెట్టె తెలుసు. మోటారు విప్పడం, చుట్టడం తెలుసు. పొద్దున లేచి, తాయారు లేదన్న సంగతి తడిమి తెలుసుకుంటాడు. ఆ గంట ఏడేళ్ళ నాటిదని అతనికి తెలియదు. నిన్నటిదనుకుంటాడు. మంచం మీద కూర్చుని ఏడుస్తాడు. లేచి మొహం కడుక్కుని కొట్టు తెరుస్తాడు.

సుభద్ర ఎదురుపడితే చేతులు తుడుచుకుని నిలబడతాడు.

"మీరా మేడమ్ గారూ. ఇంత దూరం వచ్చేరా? కబురంపితే నేనే వద్దును గదండి." స్టూలు తుడిచి ముందుకి జరుపుతాడు. "కూర్చోండి. కాఫీ పెడతాను. ఇంట్లో ఆడమనిషి లేదు, తెలుసు గదా మీకు. మీరే గదండి సెప్పింది."

వంటింట్లోకి వెళ్ళి కాఫీ పొడి డబ్బా కోసం తాయారు పెట్టే చోట చూస్తాడు. సుభద్ర వెనకే వెళ్ళి కింది అర చూపిస్తుంది. ఇది మీకెలా తెలుసండీ అన్నట్టు చూస్తాడు గానీ, ఆఫీసరమ్మని అడగడు.

మొదటి రోజు రేణుక బడి నుంచి వచ్చి స్టూలెక్కి, "నాన్నా, నిన్న నేనేం తిన్నాను?" అంది. నూకరాజు ఉలిక్కిపడి సందులోకి చూశాడు. ఎవరి పిల్లో దారి తప్పి వచ్చిందనుకున్నాడు. "మీ నాన్న ఎక్కడమ్మా?" అని అడిగి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా తీసుకెళ్ళాడు. వచ్చేపోయేవాళ్ళని ఆపి, ఈ పాప తాలూకు ఎవరండీ అని అడిగాడు. సుభద్ర పరుగెత్తుకుని వెళ్ళి తీసుకొచ్చింది.

"మీ పాపాండి?" అన్నాడు.

"మా పాపేనండి."

"నన్ను నాన్నంటందేంటండి? ఆళ్ళ నాన్న ఊళ్ళో లేరా?"

"లేరండి."

"పాపం," అన్నాడు నూకరాజు. జేబులో చిల్లర తీసి, జీళ్ళు కొనుక్కోమని రేణుకకిచ్చాడు.

రెండో రోజూ అలాగే రోడ్డు దాకా తీసుకెళ్ళాడు. మూడో రోజు రేణుక బడి సంచి లోపల పెట్టి వచ్చి, కొట్టు గుమ్మం దగ్గర ఆగింది. నాన్న మోటారు మీద వంగి ఉన్నాడు. ఎలా పిలిస్తే ఉలిక్కిపడకుండా ఉంటాడో కాసేపు చూసింది.

"అంకుల్," అంది.

నూకరాజు తలెత్తి నవ్వాడు. స్టూలు తుడిచి ముందుకి జరిపాడు. రేణుక ఎక్కి కూర్చుంది.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు.

రేణుక చెప్పింది. బాగుంది పేరు అన్నాడు. తీగ చుట్టడం ఎలాగో చూపించాడు. ఆమె చుట్లు లెక్కపెట్టింది. అవి పూర్తయ్యాక అతను కాయిల్ పక్కన పెట్టి, ఆమె వంక చూసి, మళ్ళీ పేరు అడిగాడు.

ఆమె మళ్ళీ చెప్పింది.